మా వాడిని దొర తిట్టిన రోజు

మా కాలంలో బిడ్డకు పేరు పెట్టేది ముద్దుకోసం కాదు, యముణ్ణి మోసం చేయడానికి. ఇప్పుడు మా మనవరాళ్ళు కడుపుతో ఉన్నప్పుడే ఫోనులో పేర్లు వెతుక్కుంటున్నారు. అర్థం బాగుండాలట, నోటికి సులువుగా ఉండాలట, ఊళ్ళో ఇంకెవరికీ ఉండకూడదట. వాళ్ళను చూసి నవ్వుకుంటాను గానీ, మేము మాత్రం తక్కువ వెతికామా? మేమూ అర్థం కోసమే ఊళ్ళు తిరిగాము. కాకపోతే మాకు కావలసింది చెడ్డ అర్థం. ఎంత చెడ్డదైతే అంత మేలు అనుకుని, మా అత్తా నేనూ ఒక ఇంగ్లీషు తిట్టు వెంటబడి కర్నూలు దాకా పోయి వచ్చాము. అప్పటికి నాకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఇంగ్లీషు అంటే రైలు కూత లాంటిదేదో అనుకునేదాన్ని.

మా ఊరు కోడుమూరుకూ డోనుకూ నడుమ ఉంటుంది. బిడ్డలు నిలవని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చేటలో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, పిడికెడు తవుడు ఇచ్చి, ఎవరో పారేసిన బిడ్డను కొనుక్కొచ్చుకున్నట్టు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. పేరు కూడా దానికి తగ్గట్టే పెట్టేవాళ్ళం: తిప్పడు, పెంటన్న, తవుడప్ప. (తిప్ప అన్నా పెంటకుప్పే.) పైనుంచి చూసేవాడికి ‘థూ, ఈ కసువు నాకెందుకు’ అనిపించి పక్కింటికి పోవాలని లెక్క. పక్కింటివాళ్ళ లెక్క కూడా అదే కాబట్టి మా వీధిలో ఒక్క పిల్లవాడికీ మంచి పేరు ఉండేది కాదు. పీర్లకు మొక్కుకున్న ఇళ్ళలో మాత్రం ఫకీరప్పలూ హుసేనప్పలూ ఉండేవాళ్ళు.

నాకు మొదట పుట్టినవాడికి ఇంటిదేవుడి పేరు పెట్టాము. రెండో నెలలో పోయాడు. రెండోవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తిప్పడన్నాము. వాడూ నిలవలేదు. ఆ ఇద్దరి సంగతి ఇంతకంటే రాయను. నేను ముసలితనంలో రాయడం నేర్చుకున్నది అందుకు కాదు.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మా అత్త ఆలోచనలో పడింది. ఆమె పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. తిరగలి విసురుతూ ఒక పొద్దంతా ఆలోచించి, చివరికి తప్పు ఎక్కడ జరిగిందో తేల్చింది. “మన తిట్లన్నీ ఆయప్ప శానా దినాలనుంచి ఇంటాండాడు పాపా. ఊర్లో తిప్పన్నలే పదిమంది ఉండారు. తిప్పడని పిలిస్తే ఇప్పుడాయనకు రామయ్యనో కిష్టయ్యనో పిలిచినట్లే ఉంటాది. పదును పోయిన కొడవలి అది” అంది. కన్నడంలో ఏదైనా దొరుకుతుందేమోనని కూడా చూసింది. ఆదోని వైపు బంధువులు ఉండడం వల్ల ఆమెకు ఆ తిట్లు బాగానే వచ్చు. కానీ యముడు ఆదోనికి కూడా పోతాడు కదా అని వదిలేసింది. సాయిబుల మాటా ఆయనకు తెలిసే ఉంటుంది, కర్నూల్లో నవాబులనే తీసుకుపోయినవాడు.

ఇలా ఉండగా ఒకరోజు మా ఆయన డోను నుంచి వచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. ఆయన శనక్కాయ మూటలు బండిలో వేసుకుని డోను రైలు స్టేషనులో గూడ్సు పెట్టెలకు ఎత్తించి వచ్చేవాడు. అక్కడ గూడ్సుబండికి గార్డుగా ఒక దొర ఉండేవాడు. మద్రాసులో పుట్టి గుంతకల్లులో పెరిగిన దొర, కాబట్టి పూర్తి దొర అని చెప్పలేము. కానీ ముఖం ఎర్రగా ఉండేది, కోపం వస్తే ఇంకా ఎర్రబడేది. ఆయన నోట ఎప్పుడూ ఒకే మాట: బగ్గరు. మూట జారితే బగ్గరు, టీ చల్లారితే బగ్గరు, కాకి వాలితే కాకి బగ్గరు. మా ఆయనను కూడా ఆ పూట బండి అడ్డం పెట్టాడని అదే మాట అన్నాడట. ఆ సంగతి నవ్వుతూ చెప్పి, ఇంకో ముద్ద మింగి, “యార్డులో పెట్టెలు తోసే ముసిలి ఇంజను ఒకటుండాది. దాన్ని పొద్దస్తమానం ఆ మాటే అంటాడు. దాని తర్వాత వచ్చిన కొత్త ఇంజన్లు రెండు మూలబడినాయి గానీ, అది మాత్రం దగ్గుకుంటా తిరుగుతానే ఉండాది. ఆ తిట్టు తిన్నేది చావదేమో” అన్నాడు.

ఆయన ఊరికే నవ్వులాటకు అన్నాడు. మా అత్త చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది.

“ఆ మాట ఇంగోసారి అను.”

అన్నాడు.

“దానికి అర్థమేమి?”

“నాకేం తెల్సు మా, తిట్టు.”

“ఎంత తిట్టు?”

“కొలిచి చెప్పేదానికి అవేమన్నా శనక్కాయలా?” అని మా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అత్త నా వైపు చూసింది. నేను నా కడుపు వైపు చూసుకున్నాను. మాకు తిట్టు దొరికింది. ఇక అది సరిపడినంత చెడ్డదో కాదో తేల్చుకోవాలి. నాసిరకం తిట్టు పెట్టి ఇంకో బిడ్డను పోగొట్టుకునే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

మొదట అడిగింది మిలిటరీ మామను. ఆయన అత్తకు తమ్ముడు వరస. యుద్ధంలో బర్మా దాకా పోయి, ఒక చెవి అక్కడ వదిలేసి, దాని బదులు కొంత ఇంగ్లీషు తెచ్చుకున్నాడు. ఊళ్ళో ఇంగ్లీషు తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆయన చెప్పిందే ఇంగ్లీషు. మా అత్త ఆయన వినపడే చెవి వైపు కూర్చుని ఆ మాట అనగానే, పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. “ఆ మాట లేకుంటే వాళ్ళకు అన్నం దిగదక్కా. మొండికేసిన కంచరగాడిదను అంటారు, వానను అంటారు, బూటును అంటారు. నన్నూ అన్నారు” అని మొదలుపెట్టాడు. అత్త సంతోషంగా తల ఆడిస్తోంది. మామ అక్కడితో ఆగినా బాగుండేది.

“ఒకసారి ఏట్లో కొట్టుకపోతాంటి. మా సార్జెంటు దూకి, నన్ను జుట్టు పట్టి గట్టుకేసినాడు. ఆయప్ప కండ్లనిండా నీళ్ళు. అప్పుడు గూడ నన్ను వాటేసుకోని అదే మాట అన్నాడు.”

“ఏడుస్తా అన్నాడా?” అని అత్త అడిగింది.

“ఏడుస్తానే.”

అత్త ముఖం వాడిపోయింది. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్ళు తాగి, “వాటేసుకోని అనే మాట మనకు దేనికి పనికొస్తాది పాపా” అంది. ఆ రోజు ఆమె సంగటి తినలేదు. నాకు మాత్రం ఎందుకో ఆ సార్జెంటు మీద ఇష్టం కలిగింది.

అప్పటికి కర్నూలు కొత్తగా రాజధాని అయి ఉంది. మద్రాసు నుంచి సర్కారు కచేరీలు బీరువాలతో సహా దిగాయి, ఇళ్ళు చాలక గుడారాలు వేసుకున్నారు. ఈసారి బిడ్డను పోగొట్టుకోకూడదని మా ఆయన నన్ను పెద్దాసుపత్రిలో చూపిస్తానన్నాడు. అత్త తానూ వస్తానంది. ఆమెకు ఆసుపత్రి కంటే గుడారాల మీద నమ్మకం ఎక్కువ. అంతమంది ఇంగ్లీషు చదివినవాళ్ళు ఒక్క ఊరిలో దిగినప్పుడు ఒక్క మాటకు అర్థం దొరకదా అని. ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను చూసి, అంతా బాగుందని చెప్పి ఎర్రటి మందు సీసా ఇచ్చింది. అత్త ఆ సీసాను కొంగులో మూటకట్టి, “ఇదొక ఎత్తు, ఇంగ పదండి” అని మమ్మల్ని గుడారాల వైపు నడిపించింది.

ఒక గుడారం ముందు పడుచు గుమాస్తా ఒకడు నీళ్ళ కుండ దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు. కోస్తా వైపు మనిషి, మాట మాటకూ అండి అంటున్నాడు. మా అత్త ఆయన దగ్గరికి పోయి, ముందు నీళ్ళు అడిగి తాగి, మూతి తుడుచుకుని, బాగా చదువుకున్న బిడ్డలాగున్నావు నాయనా అని మంచి చేసుకుని, ఆ తర్వాత ఆ మాట అడిగింది. ఆయన చేతిలోని గ్లాసు కుండలో పడిపోయింది.

“అమ్మా, ఈ మాట మీరు ఎక్కడ విన్నారండీ?”

“యాడన్నా ఇంటిమిలే. మంచిదా చెడ్డదా?”

“చాలా చెడ్డదండీ. ఆడవాళ్ళు అనకూడదు, అసలు వినకూడదు.”

అత్త కళ్ళు మెరిశాయి. “ఎంత చెడ్డది నాయనా? పెంట కన్నా చెడ్డదా?”

“పెంట దీని ముందు పరమాన్నం అండీ.”

“అట్లయితే దాని అర్థమేమో చెప్పప్పా, పుణ్యముంటాది.”

ఆ పిల్లవాడు అటు చూశాడు, ఇటు చూశాడు. చెవులు ఎర్రబడిపోయాయి. నా పెద్ద కడుపు చూసి ఇంకా కంగారుపడ్డాడు. చివరికి, “నన్ను వదిలేయండమ్మా, నాకు ఇంకా పెళ్ళి కాలేదు” అని గుడారంలోకి దూరి, లోపలి నుంచి తెర కట్టేసుకున్నాడు.

మా అత్త ఆ రోజు బస్సులో కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. తీర్థయాత్ర చేసి వచ్చిన మనిషిలా ఉంది. “చూసినావా పాపా, కలాలు రెండున్నోడు గూడ నోటితో చెప్పల్యాకపోయినాడు. ఇంత చెడ్డమాట మనకు ఇంగ యాడ దొరుకుతాది?” అని కోడుమూరు దాకా అంటూనే ఉంది. నేను సరే సరే అన్నాను గానీ నా లోపల ఇంకో దిగులు మొదలైంది. పెళ్ళికాని మగవాడు కూడా నోట అనలేని మాటతో నా బిడ్డను రోజూ పిలవాలా? వాడు పాలు తాగేటప్పుడు ఏమని పిలవను? దాని అర్థమైనా తెలిస్తే, మరీ చెడ్డ ముక్క వదిలేసి మిగతా ముక్కతో పిలుచుకునేదాన్ని.

కొడుకు పుట్టాడు. నల్లగా, గట్టిగా, పిడికిళ్ళు బిగించుకుని పుట్టాడు. బాగున్నాడని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. చూడడానికి వచ్చినవాళ్ళందరికీ మా అత్త ముందే చెప్పింది కాబట్టి, వచ్చినవాళ్ళు తొట్టిలో తొంగిచూసి, “అబ్బే, ఏం బాగల్యా”, “పిల్లికూన నయం” అని పోయేవాళ్ళు. (ఒకామె మరీ మనసుపెట్టి అనడంతో నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.) ఇక పేరు పెట్టాలి. అక్కడ వచ్చింది చిక్కు. మా ఆయనను తొట్టి దగ్గర నిలబెట్టి అనమంటే, ‘బగ్గరూ’ అని దీర్ఘం తీసి అన్నాడు. పొలంలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు ఉంది. అత్త కోళ్ళ మీద అని చూసింది. కోళ్ళు మేత వేస్తుందేమోనని దగ్గరికి వచ్చాయి. మిలిటరీ మామ అంటే బాగానే వచ్చింది గానీ ఆయనకు వెంటనే సార్జెంటు గుర్తుకొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. “తిట్టు తిట్టేటోని నోట్లోనుంచి రావాల. మన నోటికి అది తిరగదు” అని అత్త తీర్పు చెప్పింది. నెల నిండగానే బండి కట్టించింది. బిడ్డను చేటలో పెట్టుకుని, తవుడు మూటగట్టుకుని, దొర చేత తిట్టించుకోవడానికి మేము డోనుకు బయలుదేరాము.

గూడ్సుబండి కదలడానికి తయారుగా ఉంది. దొర చివరి పెట్టె దగ్గర నిలబడి ఎవరి మీదో అరుస్తున్నాడు. నోట అదే మాట. వినగానే మా అత్త చేతులు జోడించింది. మా ఆయన ముందుకు పోయి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“దొరా, నీతో పనుండాది. మా పిల్లోన్ని ఒకసారి తిట్టాల.”

దొరకు తెలుగు యార్డులో మూటలెత్తేవాళ్ళు నేర్పింది. “యాల? వాడు నాకేం జేసినాడు?” అన్నాడు.

మా ఆయన మొత్తం చెప్పాడు, ఇద్దరు పోయిన సంగతితో సహా. అది వింటూ దొర టోపీ తీసేశాడు. ఆ టోపీ తీయడంతోనే మా పని చెడింది. ఎర్రటి ముఖం మెత్తబడిపోయింది. చేటలోని బిడ్డను చూసి, వంగి, రెండు చేతులతో ఎత్తుకున్నాడు. గుడ్ బాయ్ అన్నాడు, నైస్ బాయ్ అన్నాడు. అవి పొగడ్తలని మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది, ఆ గొంతు వింటేనే తెలుస్తోంది. మా అత్తకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన ఒక్కో మంచిమాట అనేకొద్దీ ఈమె నేల మీద థూ థూ అని ఉమ్మి దాన్ని చెరిపేస్తోంది. మూటలెత్తేవాళ్ళంతా చుట్టూ చేరారు.

“మంచి మాటలు వద్దు దొరా, తిట్టు” అని మా ఆయన బతిమాలాడు. “రోజూ అడక్కుండానే తిడతాండావు. ఈ పొద్దు నోరు తెరిచి అడిగితే తిట్టకపోతే ఎట్ల?”

“చిన్న పిల్లోన్ని తిట్టితే దేవునికి కోపం వస్తాది” అన్నాడు దొర.

“దేవునితో నేను మాట్లాడుకుంటాలే, నువ్వు తిట్టప్పా” అంది అత్త.

దొర తల అడ్డంగా ఊపాడు. మూటలెత్తేవాళ్ళలో ఒకడు తెలివిగా ఒక మూట కిందికి జారవిడిచాడు. దొర వాణ్ణి చూసి నవ్వాడు. ఇంకొకడు ముసలి ఇంజను మళ్ళీ ఆగిపోయిందని అబద్ధం చెప్పాడు. దొర దానికీ కోపం తెచ్చుకోలేదు. చేతిలో బిడ్డ ఉంటే ఆ మనిషికి కోపం రాదని అందరికీ అర్థమైంది. ఇన్నేళ్ళు ఆయనతో పని చేసి ఈ సంగతి తెలియక ఎన్ని తిట్లు తిన్నామో అన్నట్టు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం ఏడుపు వస్తోంది. అంత దూరం వచ్చాము. ఊరంతా తిట్టే మనిషి నా బిడ్డ ఒక్కడి దగ్గరకి వచ్చేసరికి మంచివాడైపోయాడు. ఖాళీగా వెనక్కి పోతే బిడ్డకు పేరు లేదు, పేరు లేకుంటే... అక్కడితో నా ఆలోచన ఆగిపోయేది. ముందుకు పోనిచ్చేదాన్ని కాదు.

అంతలో ముందు నుంచి ఇంజను గట్టిగా కూసింది. బండి కదలాలి. అయితే గార్డు ఈల ఊది పచ్చజెండా ఊపితేనే కదులుతుంది. దొర నా చేతికి బిడ్డను ఇచ్చి, మెడలో తాడుకు వేలాడుతున్న ఈల కోసం చెయ్యి పెట్టాడు. ఈల రాలేదు. మా వాడు పుట్టినప్పటినుంచీ బిగించుకున్న ఆ పిడికిలిలో ఈలతాడు ఇరుక్కుని ఉంది. దొర మెల్లగా లాగాడు. వీడు ఇంకా బిగించాడు. నేను వేళ్ళు విప్పబోయాను. ఒక వేలు విప్పితే ముందు విప్పిన వేలు మళ్ళీ మూసుకుంటోంది. బిడ్డ నా చేతుల్లో, తాడు దొర మెడలో, ఇద్దరం దగ్గరగా వంగి ఉన్నాము. సిగ్గుతో నేను తల ఎత్తలేదు. మా ఆయన ఎటో చూస్తున్నాడు. ఇంజను మళ్ళీ కూసింది. స్టేషను మాస్టరు దూరం నుంచి చేతులు ఊపుతున్నాడు. దొర మెడ మీద నరం లేచింది, ముఖం మళ్ళీ మా ఆయన చెప్పిన ఎరుపుకు తిరిగింది. మా అత్త తవుడు మూట విప్పి పిడికెడు తీసుకుని సిద్ధంగా నిలబడింది.

“లెట్ గో, యూ లిటిల్ బగ్గర్” అన్నాడు దొర.

గట్టిగానే అన్నాడు. కానీ మాట చివరికి వచ్చేసరికి నవ్వు వచ్చేసింది ఆయనకు. అంత దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి ఆ నవ్వు నాకు తెలుసు. నా బిడ్డకు ఏం వినబడిందో ఏమో, పిడికిలి వదిలేశాడు. అత్త తవుడు తీసి దొర చేతిలో పోసి, “అయిపాయ, కొనుక్కుంటిమి” అని బిడ్డను చేటలో వేసుకుంది. దొర ఒక చేతిలో తవుడుతో, ఇంకో చేత్తో జెండా ఊపుతూ, ఈల ఊది, కదిలే బండి ఎక్కేశాడు. ఆ తవుడు ఏం చేయాలో తెలియక చాలా దూరం అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తిరుగు దారిలో బండిలో చర్చ. ముందు లిటిల్ అంటే ఏమిటని. ఇల్లు చేరాక మిలిటరీ మామ చెప్పాడు, చిన్న అని. “చిన్నోనికి చిన్నదే చాల్లే, పెద్దయ్యేకొద్దీ అదీ పెరుగుతాది” అంది అత్త. బండిలో ఉన్నప్పుడే మా ఆయన ఇంకోటి గొణిగాడు, దొర నవ్వుతూ అన్నాడేమోనని. నేను చేటను దగ్గరికి లాక్కున్నాను. అత్త ఆలోచించింది. బండి ఒక వంక దాటి ఇంకో వంకలో దిగేదాకా ఆలోచించింది. ఆ తర్వాత తేల్చి చెప్పింది. “యముడు మాట ఇంటాడు గానీ మొగం చూస్తాడా? అంత పనుండేటోనికి మొగాలు చూసే తీరిక యాడిది?”

నేను మాత్రం ఆ ముఖాన్నే చూశాను.

మా వాడికి రెండో నెలలో జ్వరం వచ్చింది. నేను పెద్దాసుపత్రిలో నాకిచ్చిన ఎర్రమందే వాడికీ పోశాను. అత్త గడపలో నిలబడి వీధి వైపు తిరిగి, దొర గొంతు పెట్టి, ఆ మాటతో పదిమందికీ వినబడేలా పిలుస్తూనే ఉంది. జ్వరం దిగింది. మందువల్లనో మాటవల్లనో మేము ఎవరినీ అడగలేదు. ఆ నెల దాటాడు, ఏడాది దాటాడు. మా వాడు నిలిచాడని తెలిసి వీధి చివరి ఇంటామె తన కూతురి కోసం ఆ పేరు అడగడానికి వచ్చింది. మా అత్త ఒప్పుకోలేదు. అందరూ వాడితే పదును పోతుందని. కానీ ఆ పిల్ల ఎండిపోయిన కాళ్ళు చూసి మనసు ఆగక, “దొర దీని ముందర ఇంగోమాట గూడ అన్నాడు. అది మేము వాడుకోల్యా. అది తీసుకపో” అని ఇచ్చేసింది. ఆ పిల్ల లిటిలమ్మ అయింది. ఇప్పుడు కోయిలకుంట్లలో మనవలతో ఉంది. బాగా లావైంది.

మా వాణ్ణి బడిలో వేసినప్పుడు అయివారు వేరే పేరు రాసుకున్నాడు. బయట వాడు ఆ పేరుతోనే పెద్దవాడయ్యాడు. బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిషు పట్టే ఫ్యాక్టరీ పెట్టాడు, కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేశాడు. ఇంట్లో మాత్రం బగ్గరే. వియ్యంకులు వచ్చినప్పుడు పిలవొద్దని బతిమాలాడు. పిలవకూడదనే అనుకుంటాను, నోరు ఊరుకోదు. మా పిల్లను కోడలిగా చేసుకున్న ఒక పెద్దమనిషికి ఇంగ్లీషు బాగా వచ్చు. నేను వాణ్ణి అన్నానికి పిలవగానే ఆయనకు పొలమారింది.

నాకు యాభై దాటాక మా ఊరికి వయోజన విద్య వచ్చింది. అక్షరాలు చెప్పే అమ్మాయి, అందరూ పలక మీద ముందు ఎవరి పేరు వాళ్ళు రాయండి అంది. నేను నా పేరు తర్వాత చూసుకుందాంలే అని వాడి పేరు రాశాను. ఆ అమ్మాయి చూసి, చుట్టూ చూసి, “అవ్వా, ఇది తుడిచేయి” అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. చదువుకున్నవాళ్ళు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఎందుకిలా మూగబోతారో అని ఆశ్చర్యపోయాను. తుడవలేదు. చాలా రోజులు ఆ పలక గూట్లో అలాగే పెట్టుకున్నాను.

అర్థం మాత్రం పోయిన ఏడాదే తెలిసింది. మా వాడి పెద్ద కూతురి కూతురు కర్నూల్లో ఇంగ్లీషు చదువుతోంది. లావుపాటి నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే అడిగాను. అది పేజీ తిప్పి, చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అవ్వా, మొదటి అర్థం నేను చెప్పను, నాకింకా పెళ్ళి కాలేదు” అంది. ఆ గుడారం పిల్లవాడు ఎక్కడున్నాడో గానీ వాణ్ణి తలుచుకుని నేను ఒకటే నవ్వు. రెండో అర్థం వెధవ అట. మూడో అర్థం, పాపం అనిపించినవాణ్ణి ప్రేమగా పిలిచే మాట అట. అంటే మిలిటరీ మామ చెప్పిందీ నిజమే, గుమాస్తా చెప్పిందీ నిజమే. దొర ఈ రెంటినీ ఒకే ఊపిరిలో అన్నాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా రాసి ఉందంటే చదవమన్నాను. ఎక్కడో బల్గేరియా అని ఒక దేశం ఉందట. అక్కడివాళ్ళు తమ దేవుణ్ణి వేరే తీరుగా కొలుచుకున్నారని ఇంకో దేశంవాళ్ళకు కోపం వచ్చి, వాళ్ళ పేరునే తిట్టుగా వాడుకున్నారట. ఆ తర్వాత దానికి చెడ్డ అర్థాలన్నీ అతుక్కున్నాయట. ఎవరో పాపం ఒక పేరును తిట్టు చేశారు. అది దేశాలు తిరిగి తిరిగి డోను స్టేషనుకు వస్తే, మేము ఆ తిట్టును మళ్ళీ పేరు చేసుకున్నాము. ఆ బల్గేరియావాళ్ళు ఎప్పుడైనా మా వైపు వస్తే ఒక పూట అన్నం పెట్టాలని ఉంది.

మొన్న వానలప్పుడు మా వాడికి విషజ్వరం వచ్చింది. అరవై దాటినవాడు, జుట్టంతా తెల్లబడినవాడు, పక్కమీద ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. డాక్టరు వచ్చి సూది వేసి పోయాడు, కోడలు తడిగుడ్డ వేస్తోంది. నేను చేతికర్ర పట్టుకుని గడప దాకా పోయి, వీధి వైపు తిరిగి, మా అత్తలాగా గొంతు ఎత్తి ఆ పేరు పిలిచాను. ఎదురింటి పిల్లలు పుస్తకాలు దించి నా వైపు చూసి పకపకా నవ్వారు. అప్పుడు నాకు తట్టింది. వీధినిండా ఇంగ్లీషు బడులే. యముడికి మాత్రం ఈపాటికి ఇంగ్లీషు రాకుండా ఉంటుందా? మొదటి అర్థం, రెండో అర్థం, మూడో అర్థం అన్నీ తెలిసే ఉంటాయి.

తెలిస్తే తెలియనీలే అనుకుని ఇంకోసారి పిలిచాను. లోపలి నుంచి వాడు, “యాలమ్మా ఆ అరుపు, ఈడనే ఉండా గదా” అన్నాడు.